ఊరి చరిత్ర సంఘాన్ని నడపడం ఎట్లా: నల్లగొండ, పాలమూరు ప్రాంతాలవారికి సమగ్ర మార్గదర్శి

నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు మూడింటినీ ఒక్క ఉదయపు నడకలో చూడవచ్చు. కందూరు చోళుల కాలంనాటి ఆ ఆలయాల గురించి, శాసనాల గురించి పండితులు రాసినవి చదువుకోవడానికి దొరుకుతాయి. కానీ చెరువు తూము ఎవరు ఎత్తేవారు, కరువు ఏడాది నీటి వంతులు ఎట్లా పంచుకునేవారు, అలుగు పారిన రోజున ఊరు ఏం చేసేది అన్న సంగతులు నీరడి పని (చెరువు నీళ్లను పొలాలకు వదిలే పని) చేసిన కుటుంబాల పెద్దలను అడిగితేనే తెలుస్తాయి. ఆ పెద్దలు సభకు వచ్చి వెనక వరుసలో కూర్చుంటారు. ముందున్నవారు మాట్లాడినంతసేపూ విని, లేచి ఇంటికి పోతారు. వారిని నోరు విప్పించగలిగే విధంగా సభను, నడకను, సేకరణను ఎట్లా ఏర్పాటు చేసుకోవాలో మా సంఘం కొన్నేళ్లుగా చేస్తూ, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్న క్రమంలో ఇక్కడ రాస్తున్నాను.

ఈ పని మన ప్రాంతానికి కొత్తది కాదు. నిజాం కాలంలో కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు పెట్టుకున్న లక్ష్మణరాయ పరిశోధక మండలి ఊరూరి శాసనాలను సేకరించి 1935లో తెలంగాణ శాసనాల సంపుటాన్ని ప్రచురించింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల వివరాలను, పద్యాలను రప్పించి 1934లో గోలకొండ కవుల సంచికను తెచ్చారు. టెలిఫోను కూడా అరుదైన రోజుల్లో, పత్రిక ద్వారా, ఉత్తరాల ద్వారా ఊళ్లలోని మనుషులే పంపిన సమాచారంతో తయారైన గ్రంథం అది. ఊరి చరిత్ర సంఘం పట్టవలసిన దారి అదే.

1. ఏడుగురిని కూర్చుకోవడం

తెలంగాణలో అమలులో ఉన్న 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే సంఘాన్ని నమోదు చేయించుకోవచ్చు. అయితే మొదటి ఆరు నెలలు నమోదు గురించి ఆలోచించవద్దని నా సలహా. ముందు నాలుగు సభలు, రెండు నడకలు జరపండి. ఆ పనిలో ఎవరు నిలబడ్డారో చూసి వారితోనే కార్యవర్గం వేసుకుంటే తరువాత తగాదాలు తక్కువ. నమోదైన తరువాత ఏటా సర్వసభ్య సమావేశం జరపడం, కార్యవర్గ జాబితాను, లెక్కలను రిజిస్ట్రారుకు దాఖలు చేయడం తప్పనిసరి కనుక, కాగితం పనిలో ఓపిక ఉన్న ఒకరు కార్యదర్శిగా ఉండాలి.

ఆ ఏడుగురిలో అందరూ ఉపాధ్యాయులే అయితే సంఘం తరగతి గదిలాగా తయారవుతుంది. ఉపాధ్యాయులు తప్పకుండా కావాలి. వారితోపాటు భూమి కాగితాలు తెలిసిన ఒకరు, ఫోటోలు, రికార్డింగు చూసుకునే ఒక యువకుడో యువతో, ఇళ్లలోకి చనువుగా వెళ్లగలిగిన ఇద్దరు మహిళలు ఉండాలి. ఉర్దూ చేతిరాత చదవగలిగిన మనిషి తప్పనిసరి. 1948కి ముందు ఈ ప్రాంతంలో సర్కారు వ్యవహారం ఉర్దూలో సాగింది. సేత్వార్లు (పాత భూమి సర్వే పట్టికలు), నోటీసులు, రసీదులు గొలుసుకట్టు ఉర్దూ రాతలో ఉండడం వల్ల ఇంట్లో పెట్టెలో కాగితం ఉన్నా అందులో ఏముందో ఇంటివారికే తెలియదు. మన పట్టణాల్లో ఆ రాత చదవగలిగిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. అటువంటి ఒక్కరు దొరికినా వారిని గౌరవ సభ్యులుగా పిలిచి, పక్కన ఒక విద్యార్థిని కూర్చోబెట్టి ఆ విద్య నేర్పించమని అడగండి.

2. పరిధిని గీసుకోవడం

జిల్లా మొత్తం చరిత్ర రాస్తామని బయలుదేరిన సంఘాలు రెండేళ్లు గడవకముందే అలసిపోతాయి. పాత తాలూకా ఒకటి, లేదా ఒక వాగు పరీవాహకంలోని పది పదిహేను ఊళ్లు సరిపోతాయి. పాత తాలూకాను ఎందుకు చెబుతున్నానంటే, పాత కాగితాలన్నీ ఆ పేరుతోనే దొరుకుతాయి. 1985లో మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరులో నల్లగొండ మూడు జిల్లాలైంది. మహబూబ్‌నగర్ నాలుగు జిల్లాలై, 2019లో నారాయణపేట ఐదవదిగా ఏర్పడింది. 1946 జులై 4న తెలంగాణ సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి ఆనాడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోది. ఈనాటి జిల్లా పటం పట్టుకొని ఆనాటి దస్త్రం వెతికితే దొరకదు. కాబట్టి మీ పరిధిలోని ప్రతి ఊరికి పాత తాలూకా, పాత పేరు, ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా అన్న నాలుగు గడులతో ఒక పట్టిక రాసుకోండి. ఈ పట్టికే మీ సంఘపు తొలి ప్రచురణ కావచ్చు.

3. ఏడాది ప్రసంగాల పట్టిక

ఏటా పన్నెండు సభలు పెట్టాలన్న పట్టుదల అక్కరలేదు, ఏడెనిమిది చాలు. మన ఊళ్ల పనికాలాన్ని చూసుకొని తేదీలు వేసుకోవాలి. వానలు పడి నాట్లు మొదలైతే, పత్తి ఏరేటప్పుడు, వరి కోసేటప్పుడు సభకు వచ్చేవారు ఉండరు. వచ్చినా మనసు చేను మీదే ఉంటుంది. సంక్రాంతి నుండి ఉగాది దాకా మంచి కాలం. వేసవిలో సాయంత్రం ఆరు దాటాక, ఆరుబయట పెట్టుకోవాలి.

తేదీకి, విషయానికి సంబంధం ఉంటే జనం తేలికగా గుర్తుపెట్టుకుంటారు. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. 1951లో అదే తేదీన పోచంపల్లిలో వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం మొదలైంది. భువనగిరి వైపు సంఘాలకు ఇంతకంటే తగిన రోజు ఉండదు. మే 28 సురవరం ప్రతాపరెడ్డి గారి జయంతి. నవంబరు 19 నుండి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవం కనుక బడిపిల్లల కార్యక్రమాలకు ఆ వారం అనుకూలం.

విషయాల ఎంపికలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. రాజుల వంశావళితో మొదలుపెట్టవద్దు. మొదటి మూడు ప్రసంగాలు వచ్చినవారి బతుకుకు దగ్గరగా ఉండాలి: ఊరి చెరువు, భూమి కాగితం, వలస. ఉదాహరణకు 1954-55 నాటి ఖాస్రా పహాణీని (ఊరి భూములు ఎవరివో రాసిన దస్త్రాన్ని) ఎట్లా చదవాలో పాత పట్వారీ ఒకరు వివరిస్తే సభ నిండిపోతుంది. ప్రతి ఇంటికీ అందులో తమ తాతల పేరు చూసుకోవాలని ఉంటుంది. చూసుకున్న తరువాత ఆ భూమి ఇనామా, పట్టానా, కౌలుదారు ఎవరు, చేను పేరు ఏమిటి అన్న ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. ఆ ప్రశ్నల మీదుగా కాకతీయుల కాలపు దానశాసనం దగ్గరికి తీసుకుపోవడం సులువు. తిన్నగా శాసనంతో మొదలుపెడితే పది మంది మిగులుతారు.

పాలమూరు సంఘాలకు వలసను మించిన విషయం లేదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు మీద ఇల్లు తాళం వేసి పోయి, దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టలు, కాలువలు కట్టిన ‘పాలమూరు లేబర్’ చరిత్ర ఆ కూలీల జ్ఞాపకాల్లోనే ఎక్కువగా ఉంది. ఏ ప్రాజెక్టు, ఏ సంవత్సరం, ఎంత కూలి, ఎక్కడ గుడిసెలు, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలారు, ఎవరు తిరిగి రాలేదు అన్నవి అడగడానికి వేదిక మీద పండితుడు అక్కరలేదు. అక్కడ పని చేసివచ్చిన ముగ్గురిని ముందు కూర్చోబెట్టి, ఒక సభ్యుడు పక్కన ఉండి అడుగుతూ పోతే చాలు.

4. సభ జరిగే రోజు

వేదిక మీద మూడు కుర్చీలకు మించవద్దు: మాట్లాడేవారు, సభను నడిపేవారు, రాసుకునేవారు. శాలువాలు, పూలదండలు, అతిథుల పరిచయాలు కలిసి గంట తినేస్తే, దూరం నుండి వచ్చిన ముసలామె బస్సు వేళకు లేచిపోతుంది. ఆమె చెప్పవలసినది ఆమెతోనే పోతుంది. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. ఆహ్వానపత్రంలోనే ‘సన్మానాలు ఉండవు’ అని అచ్చు వేయించండి.

ప్రసంగం 40 నిమిషాలు, ఆ తరువాత సభికులకు కనీసం 50 నిమిషాలు. ప్రసంగం అయిపోగానే ‘ప్రశ్నలేమైనా ఉన్నాయా’ అని అడిగితే మనవాళ్లు మాట్లాడరు. ప్రశ్న అడగడమంటే చదువుకున్నవారి పని అనుకుంటారు. అందుకు బదులుగా ‘ఈ సంగతి మీ ఊళ్లో ఎట్ల ఉండె?’ అని అడగండి. మొదటి మాట ఎవరిదో ముందే అనుకొని, వారి పక్కకు మైకు తీసుకుపోవాలి. వారిని వేదిక ఎక్కమని పిలవకూడదు. ద్వారం దగ్గర ఒక బల్ల, దాని మీద పెద్ద అట్టపుస్తకం ఉంచి, వచ్చినవారి పేరు, ఊరు, ఫోను నంబరుతోపాటు ‘మా ఇంట్లో, మా ఊళ్లో ఏముంది’ అన్న గడి పెట్టండి. రాయలేనివారికి ఒక విద్యార్థి అడిగి రాసిపెట్టాలి. పాత రాతిబిళ్ల, తాటాకుల కట్ట, తాతగారి పట్టా, జైలు కాగితం, పెండ్లి ఫోటో, నాట్ల పాటలు వచ్చిన అవ్వ పేరు, ఇవన్నీ ఆ గడిలోకి వస్తాయి. మా సేకరణలో ఎక్కువ భాగం ఈ పుస్తకం నుండే బయలుదేరింది. సభ ముగిసిన వారంలోగా ఆ ఇళ్లకు వెళ్లాలి. నెల దాటితే, పిలిచి మరిచిపోయారన్న మాట పడుతుంది.

5. ముగ్గుతో ఊరి పటం

మేము చేసిన కార్యక్రమాలన్నిటిలో ఎక్కువ మందిని కదిలించింది ఇది. పెద్ద హాలులోనో బడి ఆవరణలోనో నేలను శుభ్రం చేసి, ముగ్గుపిండి, రంగులు, గులకరాళ్లు, ఆకులు ఇచ్చి, ‘మీకు గుర్తున్న నాటి ఊరిని గీయండి’ అని అడగాలి. ముందు బొడ్రాయి ఎక్కడో పెట్టించండి. దాని నుండి బాటలు, చెరువు, దొర గడి, చావడి, గుడి, పీర్ల కొట్టం, చేదబావులు, ఎవరి వాడ ఎటు అన్నవి వరుసగా వస్తాయి. ముగ్గు వేయడం స్త్రీలకు చేయి తిరిగిన విద్య కాబట్టి పటం వారి చేతుల్లోకి వస్తుంది. మగవాళ్లు చుట్టూ నిలబడి దిద్దుతూ, వాదిస్తూ ఉంటారు. ఆ వాదనలనే రికార్డు చేయాలి. ఏ వాడవారు ఏ బావి నీళ్లు ముట్టరాదన్న మాట అక్కడ తప్పక వస్తుంది. దాన్ని దాటవేయవద్దు, ఎవరినీ ఆపవద్దు. చెప్పినవారి మాటల్లోనే రాసుకోండి.

ముంపు ఊళ్లవారి విషయంలో ఈ పటం మరింత అవసరం. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ, తుంగభద్రల ఒడ్డున ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయం వంటి గుళ్లను రాయి రాయిగా విప్పి అలంపురానికి, మరికొన్నిటిని సోమశిల, జటప్రోలు వంటి చోట్లకు తరలించి తిరిగి కట్టారు. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. ముంపును దృష్టిలో పెట్టుకొని నాగార్జునకొండ, ఏలేశ్వరం లోయల్లో తవ్వకాలు జరిపి దొరికినవాటిని భద్రపరిచారు. గుళ్లకు, బౌద్ధ స్తూపాలకు ఆ శ్రద్ధ దక్కింది. ఇళ్లకు, వాడలకు దక్కలేదు. ఆ వాడలను గుర్తున్నవారు ఇప్పుడు వేరువేరు ఊళ్లలో చెదిరి ఉన్నారు కనుక వారిని ఒకచోట చేర్చి పటం గీయించడం సంఘం మాత్రమే చేయగల పని. పూర్తయిన పటాన్ని మేడ మీదనుండో నిచ్చెన ఎక్కో నిట్టనిలువుగా ఫోటో తీసి, అదే సాయంత్రం కాగితం మీదికి ఎక్కించాలి. మరునాటికి నేల మీద ఏమీ మిగలదు.

6. పెద్దల మాటను రికార్డు చేయడం

ఖరీదైన పరికరాలు అక్కరలేదు. రెండు ఫోన్లలో ఒకేసారి రికార్డు చేయండి. రెంటినీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఒకటి చెప్పేవారికి జానెడు దూరంలో గుడ్డ మీద ఉంచండి. సీలింగ్ ఫ్యాను తప్పక ఆపాలి. ఒక వేసవిలో వెట్టిచాకిరీ రోజుల గురించి ఒక అవ్వ గంటన్నర చెప్పిన మాటల మీద ఫ్యాను చప్పుడు పరుచుకొని మాకు సగం కూడా అర్థం కాలేదు. మళ్లీ పోదామనుకునేలోగా ఆమె కాలం చేసింది. ఆ రికార్డును ఇప్పటికీ దాచుకున్నాము, ప్రతి కొత్త సభ్యునికీ వినిపిస్తాము.

మొదలుపెట్టేటప్పుడు తేదీ, ఊరు, చెప్పేవారి పేరు, అడిగేవారి పేరు మాటల్లోనే పలకాలి. రికార్డును ఎవరు వినవచ్చో అడిగి, ఆ అనుమతిని కూడా రికార్డులోనే తీసుకోండి: అందరూ వినవచ్చా, సంఘంవారు మాత్రమేనా, తమ తదనంతరమేనా. రజాకార్ల కాలంలో, పోలీసు యాక్షన్ సమయంలో, సాయుధ పోరాటంలో ఆడవాళ్లు అనుభవించినవాటిని చెప్పే సందర్భంలో ఈ ప్రశ్న లాంఛనం కాదు. చెప్పినవారు వద్దంటే ఆ భాగాన్ని మూసి ఉంచాలి. ఎంత విలువైనదైనా సరే.

సంవత్సరం అడిగితే పెద్దలు చెప్పలేరు. గుర్తున్న సంఘటన అడిగితే చెబుతారు. అందుకు ఒక కాలపట్టిక చేతిలో ఉండాలి: పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబరు, మొదటి ఎన్నికలు 1952, ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు 1956 నవంబరు, తెలంగాణ ఉద్యమం 1969, ఎమర్జెన్సీ 1975, పటేల్, పట్వారీ పదవుల రద్దు 1984. వీటికి మీ ఊరి గుర్తులు చేర్చండి: కరెంటు వచ్చిన ఏడు, చెరువు తెగిన ఏడు, మొదటి బస్సు వచ్చిన ఏడు. ‘హాలి సిక్క నడిచేటప్పుడా, ఇండియా రూపాయి వచ్చినంకనా’ అన్న ఒక్క ప్రశ్నతో కాలం చాలావరకు తేలిపోతుంది (హాలి సిక్క నిజాం నాటి నాణెం).

రికార్డును కాగితం మీద పెట్టేటప్పుడు పుస్తక భాషలోకి మార్చవద్దు. ‘గప్పుడు మా నాయిన జీతం ఉండె’ అన్న వాక్యాన్ని ‘ఆ రోజుల్లో మా తండ్రి జీతగాడిగా పని చేసేవాడు’ అని దిద్దితే మనిషి పోతాడు, సమాచారం మాత్రం మిగులుతుంది. పాటలు, కథలు చెప్పేవారి దగ్గర ఇంకా జాగ్రత్త. పేదల పక్షాన నిలిచిన జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాలమూరులో ఒక్కొక్కరి నోట ఒక్కొక్క తీరుగా ఉంటుంది; ఒకదానిని సరైనదిగా నిర్ణయించి మిగిలినవాటిని విడిచిపెట్టే అధికారం సంఘానికి లేదు. కళాకారుడు కిన్నెర పట్టుకొని పాడితే దానికి తగిన పారితోషికం ఇవ్వాలి. అది అతని జీవనాధారం.

ప్రతి రికార్డుకు మూడు ప్రతులు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో. ఫైలు పేరులో తేదీ, ఊరు, వరుస సంఖ్య పెట్టుకోండి. విన్నవెంటనే ఏ నిమిషంలో ఏ సంగతి ఉందో ఒక పేజీలో రాసిపెట్టకపోతే, ఏడాది తరువాత వంద గంటల రికార్డు ఉన్నా ఒక్క మాట వెతకలేరు.

7. శాసనాలు, వీరగల్లులు (వీరుల స్మారక రాళ్లు), పాతరాళ్లు

రాయి కనబడగానే పిల్లలు సుద్దతో అక్షరాలు నింపుతారు. పెద్దలు సున్నమో రంగో పూస్తారు. రెండూ చేయకూడదు. ఒక ఊళ్లో మా వాళ్లే శ్రద్ధకొద్దీ ఇనుప బ్రష్‌తో నాచు గోకి, రెండు పంక్తుల అంచులు పోగొట్టారు. మెత్తని బ్రష్‌తో ధూళి దులపడం, మంచినీళ్లతో తడపడం వరకే మన పని. తడి గుడ్డకాగితం పరిచి, కొట్టి, సిరాతో అచ్చు తీయడం నేర్చినవారే చేయాలి. రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి కూడా కావాలి.

మనం చేయదగినది మంచి ఫోటో. సాయంత్రం చీకటి పడ్డాక టార్చి వెలుగును రాతికి ఒక పక్కనుండి, దాదాపు రాతిని రాసుకుంటూ పోయేటట్లు పట్టుకుంటే, పగలు కనబడని అక్షరాలు నీడలతో తేలివస్తాయి. నాలుగు వైపులా తీయాలి. పక్కన స్కేలు పెట్టాలి. పంక్తుల సంఖ్య, రాతి ఎత్తు, వెడల్పు, అది ఎవరి చేనులో ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉందో రాసుకోవాలి. రాతిని ఉన్నచోటు నుండి కదపవద్దు. చెరువు తూము పక్కనున్న శాసనం తూము గురించే చెబుతుంది. దాన్ని గుడి ఆవరణకు తెస్తే ఆ సంబంధం తెగిపోతుంది.

చదవడం నిపుణుల పనే అయినా కాలం లెక్క మనం వేయవచ్చు. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది: సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో కాకతీయ రుద్రదేవుని కాలపు శాసనం శక 1117, అంటే 1195. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ సంవత్సరానికి 590 కలపాలి. ఆ ఏడు అక్టోబరులో అజుర్ నెలతో మొదలవుతుంది కనుక జనవరి నుండి వచ్చే నెలలకు 591.

శాసనాలకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం లంకెబిందెల నమ్మకం. రాతి మీద చంద్రుడు, సూర్యుడు, పాము బొమ్మలు ఉంటే కింద నిధి ఉన్నదని రాత్రిపూట తవ్వి పగలగొట్టిన రాళ్లు మన జిల్లాల్లో ఎన్నో. దీనికి మందు శాసనాన్ని ఊరందరి ముందు చదివి వినిపించడమే. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ దానం నిలవాలని చెప్పడానికే ఆ బొమ్మలు చెక్కారని, కింద ఉన్నవి ఫలానా చెరువు వెనుక ఇన్ని మర్తురుల (పాత భూమి కొలత) భూమిని ఫలానా దేవునికి ఇచ్చిన మాటలేనని, ఈ దానాన్ని కాజేసినవాడు అరవైవేల ఏండ్లు పురుగై పుడతాడన్న శ్లోకం చివర ఉన్నదని ఆ రాతి దగ్గరే నిలబడి చెప్పండి. ఆ భూమి ఇప్పుడు ఎవరి చేనో ఊరివారు గుర్తుపడతారు. ఆ తరువాత ఆ రాయికి కాపలా వాళ్లదే. నారాయణపేట జిల్లాలోని ముడుమాల నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. అంతకు ఎన్నో తరాల ముందునుండే ఊరివారు వాటిని దేవునిగా తలచడం వల్ల కూడా అవి నిలిచాయి.

దున్నేటప్పుడో పునాది తీసేటప్పుడో నాణేలు, విగ్రహాలు బయటపడితే సంఘం వాటిని తీసుకోకూడదు, ఇంట్లో దాచకూడదు, కొనకూడదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన శిల్పాలు, నాణేలు, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు 1972 చట్టం కిందికి వస్తాయి. రైతును వెంటబెట్టుకొని తహసీల్దారు దగ్గరకు పోయి, రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. ఆ రసీదులో రైతు పేరు ఉండేటట్లు చూడడం సంఘం ధర్మం.

8. పాత ఫోటోలు, కాగితాల దినం

ఏడాదికి ఒకసారి బడిలో స్కానరు పెట్టి, తెచ్చినవాటిని అక్కడికక్కడే స్కాన్ చేసి, అసలును చేతికి తిరిగి ఇచ్చివేయాలి. అసలు ప్రతిని ఒక్క రాత్రి కూడా సంఘం దగ్గర ఉంచుకోవద్దు. ఉంచుకున్న మరుసటి ఏడు ఎవరూ తేరు. చిన్న ఫోటోలకు 600 డీపీఐ ఉండాలి. వెనకవైపు రాత ఉంటే అది కూడా స్కాన్ చేయాలి. ఫోటో వెనుక బాల్‌పెన్నుతో రాయవద్దు. మెత్తని పెన్సిలు వాడండి. కాగితాలను లామినేట్ చేయించవద్దని ప్రతి ఒక్కరికీ చెప్పాలి. పాత పట్టాలను భద్రమనుకొని ప్లాస్టిక్‌లో కరిగించి పాడుచేసుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. తాటాకు గ్రంథాలు వస్తే విప్పకుండా, ఫోటో మాత్రం తీసి, హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంవారికి తెలపండి.

9. చరిత్ర నడక

పాతికమందికి మించవద్దు, మించితే వెనకవారికి వినబడదు. ఉదయం ఆరింటికి మొదలై ఎండ ముదరకముందే ముగియాలి. నడిపించేవారు వారం ముందు అదే వేళకు ఒకసారి నడిచి చూసుకోవాలి. పానగల్లు నడకలో ఛాయా సోమేశ్వరాలయం దగ్గర వివరణకు తొందరపడవద్దు. గర్భగుడి గోడ మీద పగలంతా కదలకుండా కనబడే నీడను ముందు పిల్లల్ని చూడనివ్వండి. బయట స్తంభాల వరుసలను లెక్కపెట్టించండి. ఆ తరువాత బడిలో అట్టపెట్టె, పెన్సిళ్లు, రెండు మూడు దీపాలతో నమూనా చేయించి, వెలుగు పలు దిక్కుల నుండి వస్తే నీడలు ఎట్లా కలుస్తాయో వారినే కనిపెట్టమనండి. చెరువు కట్ట మీద నడకను ముగించి, అక్కడ మాట్లాడే బాధ్యత నీరడికి ఇవ్వండి. ఉదయసముద్రం ఇప్పుడు కాలువ నీళ్లతో నిండే జలాశయం. వాన నీళ్లతోనే నిండిన రోజులకు, ఇప్పటికి తేడా ఆయనకంటే బాగా ఎవరు చెప్పగలరు?

10. భేదాభిప్రాయాలు వచ్చినప్పుడు

హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన 1948 సెప్టెంబరు 17ను విమోచన అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా అన్న చోట సభలు చీలిపోతాయి. సాయుధ పోరాటం మీద మాట్లాడితే దళంలో పని చేసినవారి పిల్లలు, దళం చేతిలో పోయినవారి పిల్లలు ఒకే వరుసలో కూర్చుంటారు. అటువంటి విషయాలను మొదటి ఏడాది ఎత్తుకోవద్దు. రెండవ ఏడాది తప్పించుకోవద్దు. సభను నడిపేవారు మూడు నియమాలను ముందే చదవాలి: మాట్లాడేవారు తాము చూసినదా, విన్నదా, చదివినదా చెప్పాలి, ఒకరి మాటను మరొకరు ఖండించవచ్చు కానీ మధ్యలో ఆపరాదు, రెండు మాటలూ పేర్లతో నమోదవుతాయి. సంఘం తరఫున తీర్పు ప్రకటించవద్దు. పత్రం ఉంటే పత్రాన్ని పక్కన పెట్టండి.

11. డబ్బు

మైకు, చాపలు, మజ్జిగ, ప్రయాణం, ముద్రణ, ఒక హార్డ్ డిస్కు: ఖర్చులు ఇంతే. సభ్యత్వ రుసుము కూలీ ఒక పూట ఇవ్వగలిగినంతే ఉంచి, పెద్ద ఖర్చులకు ఊరి నుండి బయటికి పోయి స్థిరపడినవారిని అడగండి. ఇచ్చినవారికి వేదిక మీద కుర్చీ ఉండదన్న మాట ముందే చెప్పాలి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, ప్రతి సభ ముగింపులో లెక్కను పైకి చదవడం అలవాటు చేసుకుంటే అనుమానాలకు చోటుండదు.

12. ఊరికి తిరిగి ఇవ్వడం

ఏడాది చివర ప్రతి ఊరికి ఒక కట్ట తయారు చేయండి: ముగ్గు పటం కాగితపు ప్రతి, శాసనం ఫోటో, దాని పాఠం తేటతెలుగులో, రికార్డుల జాబితా, స్కాన్ చేసిన ఫోటోలు. ఒక ప్రతి గ్రామ పంచాయతీకి, ఒకటి బడికి, ఒకటి జిల్లా గ్రంథాలయానికి ఇవ్వాలి. మాట చెప్పిన ప్రతి మనిషికి వారి రికార్డును పెన్‌డ్రైవులోనో మనుమల ఫోనులోనో ఎక్కించి, ఇంటికి పోయి చేతికివ్వాలి. చదవడం రానివారికి రాసినదాన్ని చదివి వినిపించండి. ‘గట్ల గాదు, నేను జెప్పింది గిది’ అని వారు దిద్దితే ఆ దిద్దుబాటును తేదీతో సహా చేర్చండి. ఈ చివరి గడప ఎక్కినప్పుడే పక్కింటివారు బయటికి వచ్చి తమ దగ్గర కూడా ఒక పెట్టె ఉన్నదని చెబుతారు. అట్టపుస్తకం వెంట తీసుకుపోవడం మరువకండి.